బోర్డు మీద ఒక నిలువు గీత

నాది కెమిస్ట్రీ. శ్రీకాకుళం జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతాను. 2022లో సెకండియర్ వాళ్లకి శనివారం మధ్యాహ్నం గంటన్నర ఖాళీగా ఉందని, సైన్సు గురించి, ఫోన్లలో తిరిగే తప్పుడు వార్తల గురించి ఏదైనా చెప్పమని ప్రిన్సిపల్ గారు నాకు అప్పజెప్పారు. శనివారం మధ్యాహ్నమంటే సగం మంది ఊళ్లకు బస్సెక్కేసే వేళ. ఇంకెవరూ తీసుకోరు కాబట్టే నాదాకా వచ్చిందని నాకూ తెలుసు. అయినా ఉత్సాహంగానే ఒప్పుకున్నాను. కోవిడ్ రెండేళ్లూ మా ఇంటి వాట్సాప్ గ్రూపులో అందరితో గొడవపడి అలిసిపోయి ఉన్నాను. ఇక్కడైతే ఎదురు మాట్లాడకుండా వినేవాళ్లు ఉంటారనుకున్నాను.

మొదటి నాలుగు వారాలు స్లైడ్లు వేశాను. 1995 సెప్టెంబరు 21న దేశమంతా వినాయకుడు పాలు తాగడం, దాని వెనక తలతన్యత, అంటే ద్రవం పైపొరకుండే బిగువు. 5జీ టవర్లకీ కరోనాకీ ముడిపెట్టిన వీడియోలు. మన జాతీయగీతమే ప్రపంచంలో గొప్పదని యునెస్కో ప్రకటించిందన్న మెసేజి. పిల్లలు నవ్వారు, తలలూపారు. క్లాసు బ్రహ్మాండంగా సాగుతోందనుకున్నాను.

సెప్టెంబరు ఆఖర్లో ఒక కాగితం ఇచ్చాను. పన్నెండు వాక్యాలు. నిజమైతే టిక్కు, కాకపోతే ఇంటూ. ఆరు అబద్ధాలు, ఆరు నిజాలు. ఆక్టోపస్‌కి మూడు గుండెలుంటాయి, అరటిపండులో సహజంగానే కాస్త రేడియోధార్మికత ఉంటుంది, పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ పాడవుతుంది, ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టకూడదు. నిజాల్లో ఇలాంటివి వేశాను.

కాగితాలు తిరిగొచ్చాయి. చాలావాటిలో పన్నెండుకు పన్నెండూ ఇంటూలే.

ఒకమ్మాయిని అడిగాను, తేనె సంగతి ఎందుకు తప్పనుకున్నావని. "మా అప్పకి పాప పుట్టినప్పుడు నాకించారు మేడమ్, ఏం కాలేదు" అంది. సరే, దానికి ఓ కారణమైనా ఉంది. పక్కన కూర్చున్న అబ్బాయిని అడిగితే "మీరిచ్చారంటే ఫేకే కదా మేడమ్" అన్నాడు.

ఆ మాట రెండ్రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. వాళ్లు వాక్యాన్ని చదవలేదు. నేను ఏ జవాబు కోరుకుంటున్నానో అది చదివారు. నాలుగు వారాల్లో నేను ఒక్కటే నేర్పాను: ఏది కనబడినా పెదవి విరవడం. తేనెలో క్లాస్ట్రీడియం బోట్యులినం అనే బ్యాక్టీరియా బీజాలు ఉండవచ్చని, పసిపిల్లల పేగులు వాటిని తట్టుకోలేవని, ఆ జబ్బు అరుదే అయినా ప్రాణం మీదికి తెస్తుందని అప్పుడు చెప్పాను. కానీ ఆలస్యంగా చెప్పాను. అప్పటికే వాళ్ల దృష్టిలో నేను ‘అది కాదు’ అనే మేడమ్‌ని.

ఇక నా తప్పు సంగతి. అక్టోబరు 22, దీపావళికి ముందు శనివారం. క్లాసు మొదట్లో పండగ శుభాకాంక్షలంటూ ఒక బొమ్మ వేశాను. రాత్రివేళ ఉపగ్రహం నుంచి భారతదేశం, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు దీపాలతో ధగధగలాడుతూ. ‘దీపావళి రాత్రి నాసా తీసిన ఫొటో’ అని కింద నేనే టైపు చేశాను. ఎప్పుడో ఎవరో పంపితే దాచుకున్న బొమ్మ అది. ఏటా స్టేటస్ కూడా పెట్టేదాన్ని.

వెనక బెంచీలోంచి ఒకబ్బాయి లేచాడు. పాఠం వింటాడో లేదో నాకెప్పుడూ అనుమానమే వాడి మీద. "మేడమ్, ఇది దీపావళి కాదంట" అన్నాడు. గూగుల్ లెన్స్‌లో పెట్టి చూశాడట. ఫోను నా చేతికిచ్చాడు.

నిజంగానే కాదు. అమెరికా వాతావరణ సంస్థ నోవాలో శాస్త్రవేత్త క్రిస్ ఎల్విడ్జ్ 2003లో తయారుచేసిన బొమ్మ అది. అసలు ఒక రాత్రి తీసిన ఫొటోయే కాదు. 1992కి ముందు నుంచీ ఉన్న దీపాలు తెలుపు, 1992లో కనబడినవి నీలం, 1998లో వచ్చినవి ఆకుపచ్చ, 2003లో కొత్తవి ఎరుపు. జనాభా, కరెంటు ఎలా విస్తరించాయో చూపించడానికి వేసిన రంగులు. 2012 నవంబరులో నాసా దీపావళి వేళ నిజంగా తీసిన చిత్రం విడుదల చేసింది. అందులో దేశం రోజూలాగే ఉంది. మన ప్రమిదల వెలుగు అంత ఎత్తుకి ఆనదు.

క్లాసులో ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. మొహం వేడెక్కింది. "ఇది నేను మూడేళ్లుగా పెడుతున్నాను, ఒక్కసారీ చూసుకోలేదు" అని ఒప్పేసుకున్నాను. ఎందుకు చూసుకోలేదని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. కాసేపు ఆలోచించి, "నచ్చింది కాబట్టి" అన్నాను. అప్పటిదాకా ఫోన్లు దాచుకుని కూర్చునేవాళ్లు ఆ రోజు నుంచి బల్ల మీద పెట్టారు. నన్ను పట్టుకోవచ్చని ఆశ పుట్టాక వాళ్లకి ఆ పీరియడ్ మీద ప్రేమ పుట్టింది.

దీపావళి సోమవారం. మర్నాడు, అక్టోబరు 25 మంగళవారం, సూర్యగ్రహణం. పొద్దుగూకే ముందు పట్టి, విడవకుండానే సూర్యుడు అస్తమించాడు. ఆ సాయంత్రం గ్రూపుల నిండా రోకళ్లే. ఇత్తడి పళ్లెంలో నీళ్లు పోసి, నడిమధ్య నిటారుగా నిలబడ్డ రోకళ్లు, చుట్టూ దణ్ణాలు పెట్టేవాళ్లు. గ్రహణం పట్టినంతసేపే నిలబడుతుందని, విడవగానే దానంతట అదే పడిపోతుందని మనవైపు అందరికీ తెలిసిన మాటే.

శనివారం క్లాసుకి రోకలి తెమ్మన్నాను. హాస్టల్ నుంచి ఒకటి, పక్కింటి నుంచి ఒకటి వచ్చాయి. హాస్టల్ రోకలికి అడుగునుండే ఇనుప పొన్ను ఒకవైపు అరిగిపోయింది. దాన్ని ఎంతమంది పట్టుకున్నా నిలబడలేదు. రెండోదానికి పొన్ను కొత్తది, అడుగు చదును. "ఫ్యానాపండ్రా" అని ఎవరో అరిచారు. ఒకబ్బాయి మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతుల వేళ్ల మధ్య పట్టుకుని, అటు కాస్త, ఇటు కాస్త జరుపుతూ, ఊపిరి బిగబట్టి, మెల్లగా చేతులు తీశాడు. పడింది. మళ్లీ పెట్టాడు. పడింది. ఆరో నిమిషానికి నిలబడింది. గ్రహణం వెళ్లి నాలుగు రోజులైంది. ఆ చప్పట్లకి పక్క క్లాసు లెక్చరర్ వచ్చి తొంగి చూశారు.

బోర్డు మీద మధ్యగా ఒక నిలువు గీత గీశాను. ఎడమవైపు ‘చూసింది’ అని రాశాను, కుడివైపు ‘అనుకున్నది’ అని. ఎడమవైపు: రోకలి నిలబడింది. కుడివైపు: గ్రహణం నిలబెట్టింది. వీడియో పెట్టినవాళ్లు అబద్ధం ఆడలేదు. రోకలి నిజంగానే నిలబడింది. తేడా వచ్చింది గీతకి కుడివైపు. మామూలు రోజు రోకలిని ఆరు నిమిషాలు పట్టుకుని కూర్చునే ఓపిక ఎవరికుంటుంది? గ్రహణం రోజు ఉంటుంది. నిలబడని రోకలికి వీడియో ఎవరు తీస్తారు?

అప్పుడు ఒకడన్నాడు: "ఇవాళ కూడా ఎక్కడో గ్రహణం పట్టే ఉంటుంది మేడమ్, మనకి కనబడదంతే." అందరూ నవ్వారు. నేను ఆ మాట కూడా కుడివైపు రాసి, "ఇది తప్పని తేలాలంటే ఏం జరగాలి?" అని వాడినే అడిగాను. చాలాసేపు బోర్డుకేసి చూశాడు. "ఏం జరిగినా తేలదు మేడమ్" అన్నాడు. నేను స్లైడ్లలో నెలరోజులు చెప్పలేకపోయిన సంగతి అది. వాడికి నిమిషంలో దొరికింది.

ఇదే గీత పెట్టి కృష్ణపట్నం ఆనందయ్య మందు గురించి మాట్లాడబోయాను గానీ అది బాగా సాగలేదు. 2021 మేలో కోవిడ్ తగ్గిస్తుందన్న ఆ మందు కోసం ఊళ్లు ఊళ్లు కదిలాయి. క్లాసులో ఇద్దరు ముగ్గురి బంధువులు వెళ్లొచ్చారు. ఆ నెలాఖరుకి ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతిచ్చింది కదా అని ఒకరు, మరి చుక్కలెందుకు ఆపారని ఇంకొకరు. జలుబుకి మందేసుకుంటే వారం, వేసుకోకపోతే ఏడు రోజులు అని మనవాళ్లే అంటారు కదా, కోవిడ్ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మందేదైనా కోలుకునేవాళ్లే, వేసుకున్నవాళ్లని వేసుకోనివాళ్లతో పోల్చకుండా ఏమీ చెప్పలేం అన్నాను. మాట సరైనదే. కానీ ఒకమ్మాయి బాబాయి ఆ నెల్లోనే పోయాడని నాకు తర్వాత తెలిసింది. అంతసేపూ ఆ అమ్మాయి తలవంచుకుని కూర్చుంది. ఆ అంశం మళ్లీ ఎత్తలేదు.

నవంబరులో బియ్యం గొడవ వచ్చింది. పాతపట్నం వైపు నుంచి వచ్చే అమ్మాయి ఒక ప్లాస్టిక్ కవరులో రేషన్ బియ్యం పట్టుకొచ్చింది. "మా మామ్మ ఇందులో ప్లాస్టిక్ బియ్యం కలుపుతున్నారంటోంది మేడమ్. కడిగినప్పుడు తేలుతున్నాయని ఏరి పారేస్తోంది. వీధిలో కొందరు అసలు వండటమే మానేశారు."

ఇదివరకైతే నవ్వేసేదాన్ని. 2017లో కూడా ప్లాస్టిక్ బియ్యమని పెద్ద పుకారు లేచింది. అన్నం ముద్ద చేసి నేలకి కొడితే బంతిలా ఎగురుతోందని వీడియోలు తిరిగాయి. ఏ అన్నమైనా గట్టిగా ముద్ద చేసి కొడితే ఎగురుతుంది, గంజిపదార్థం జిగట అది. అదే మళ్లీ వచ్చిందనుకుని వదిలేసేదాన్ని. కానీ గీత అలవాటైంది కాబట్టి "సరే, ముందు చూద్దాం" అన్నాను.

ల్యాబ్‌లోకి వెళ్లాం. బీకరులో నీళ్లు పోసి గుప్పెడు బియ్యం వేసింది. గింజలు అడుక్కి దిగాయి. కొన్ని మాత్రం దిగలేదు. ఇరవై దాకా పైన తేలుతున్నాయి. వాటిని చిమటాతో ఏరి నల్లకాగితం మీద పరిచాం. మిగతా గింజలకంటే నున్నగా, కాస్త పసుపు ఛాయలో, అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. మామ్మ కళ్లు మా కళ్లకంటే చురుకైనవి. ఎడమవైపు ఆవిడ చెప్పింది చెప్పినట్టే రాశాం: కొన్ని గింజలు వేరేగా ఉన్నాయి, తేలుతున్నాయి.

ఇప్పుడు కుడివైపు సంగతి. మూడు వాచ్‌గ్లాసులు తీసుకున్నాం. ఒకదానిలో మునిగిన గింజలు నలిపి వేశాం, రెండోదానిలో తేలిన గింజలు, మూడోదానిలో విరిగిన బాల్‌పెన్ను గొట్టం ముక్క. మూడోది ఎందుకని ఒకరు అడిగారు. ప్లాస్టిక్ ఎలా ఉంటుందో తెలియకుండా ఇది ప్లాస్టిక్ కాదని ఎలా చెబుతాం అని వాళ్లలో వాళ్లే జవాబు చెప్పుకున్నారు. తలా ఒక చుక్క అయోడిన్. మొదటి రెండూ, పిండికి తగ్గట్టే, నీలి నలుపుకి తిరిగాయి. పెన్ను ముక్క మీద చుక్క గోధుమరంగులోనే ఉండిపోయింది.

"పైన పిండి పూసి లోపల ప్లాస్టిక్ పెట్టారేమో" అన్నారెవరో. మంచి అనుమానం. బ్లేడుతో గింజను అడ్డంగా కోసి, కోసిన ముఖం మీద వేశాం. అక్కడా నీలి నలుపే. అంటే ఇది పిండే. మరి ఎందుకు తేలుతోంది, ఎందుకు వేరేగా ఉంది?

నాకు అప్పటికే ఒక ఊహ ఉంది కానీ చెప్పలేదు. లవణాల పరీక్షకి వాడే పొటాషియం థయోసయనేట్ సీసా తీయించాను. కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిపి తేలిన గింజల పొడి మీద ఒక చుక్క, మామూలు గింజల పొడి మీద ఒక చుక్క. కాసేపటికి తేలిన గింజల పొడి మీద ఎర్రటి మచ్చలు లేచాయి, సూది గుచ్చితే వేలి మీద రక్తం ఉబికినట్టు. రెండోది తెల్లగానే ఉంది. సాల్ట్ అనాలసిస్‌లో మార్కులు తెచ్చుకున్న పిల్లలే అందరూ. ఒక్కసారిగా "ఐరన్!" అన్నారు. ఆ సీసాలోది ఇనుము తగిలితే అలా ఎరుపెక్కుతుంది.

అవి ఫోర్టిఫైడ్ గింజలు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 విటమిన్ కలిపి, యంత్రంలో మళ్లీ గింజ ఆకారంలో ఒత్తి, వంద మామూలు గింజలకి ఒకటి చొప్పున కలుపుతారు. రక్తహీనత తగ్గించాలని అప్పట్లో రేషన్‌లోనూ, అంగన్‌వాడీల్లోనూ, బడి భోజనంలోనూ ఇవ్వడం మొదలుపెట్టారు. మామ్మ ఏరి పారేస్తున్నది బలం కోసం కలిపిన గింజల్నే.

ఇక్కడితో కథ ముగిసిందనుకున్నాను. ఆ అమ్మాయి ఇంటికెళ్లి మామ్మకి గిన్నెలో అయోడిన్ వేసి మరీ చూపించిందట. మామ్మ అంతా చూసి అన్న మాట సోమవారం నాకు చేరింది: "పలాస్టిక్ కాదంటన్నావు, బాగుంది. మరి మా బియ్యంలో ఏటి కలిపినారో మాకెందుకు సెప్పలేదు?"

దీనికి నా దగ్గర జవాబు లేదు. బస్తా మీద ఫోర్టిఫైడ్ అనడానికి ఎఫ్ గుర్తు, పక్కన ప్లస్ ఉండేవి, అంతే. అది మామ్మకేం తెలుస్తుంది? తలసీమియా ఉన్నవాళ్లు డాక్టరు పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక కూడా ఫోర్టిఫైడ్ బియ్యం బస్తా మీదే ఉండేది. రేషన్‌లో కొలిచి పోసిన బియ్యంతో పాటు ఆ హెచ్చరిక ఇంటికి వచ్చేది కాదు. పుకారు ఎవరో పుట్టించారు సరే, అది పెరగడానికి చోటు ఖాళీగా ఉంచింది ఎవరు? పిల్లలు ఈ ప్రశ్న మీద నాకంటే బాగా మాట్లాడారు. తేలిన గింజ, ఎరుపెక్కిన గింజ ఫొటోలతో తెలుగులో అర పేజీ రాసి వాళ్ల ఊరి గ్రూపుల్లో పెట్టారు. ఎంతమంది చదివారో తెలియదు. మామ్మ మాత్రం ఏరడం మానేసిందట.

అలా జనవరి వచ్చింది. మధ్యలో ఇంకా కొన్ని చేశాం. ఒక వెబ్‌సైటు నమ్మదగిందా అని ఆ పేజీలోనే కూర్చుని పైకీ కిందకీ చదవడం దండగని, వెంటనే ఇంకో ట్యాబ్ తెరిచి ఆ సైటు వాళ్లెవరో, వాళ్ల గురించి బయటివాళ్లు ఏమంటున్నారో చూడాలని. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధకులు ఫ్యాక్ట్‌చెకర్లనీ, చరిత్ర ప్రొఫెసర్లనీ, విద్యార్థుల్నీ కూర్చోబెట్టి చూస్తే ఫ్యాక్ట్‌చెకర్లు ఇలాగే చేసి తొందరగా తేల్చేశారు, ప్రొఫెసర్లు కూడా అందమైన పేజీలకి మోసపోయారు. ప్రొఫెసర్లు మోసపోయారన్న ముక్క పిల్లలకి అన్నిటికంటే నచ్చింది.

కవిటి మండలం అబ్బాయి ఒకడున్నాడు. ఎక్కువ మాట్లాడడు. జనవరిలో ఒకరోజు క్లాసయ్యాక ఆగాడు. వాళ్ల నాన్నకి కిడ్నీలు పాడయ్యాయి, సోంపేటలో డయాలసిస్. మా జిల్లాలో కవిటి, సోంపేట వైపు ప్రాంతాన్ని ఉద్దానం అంటారు. అక్కడివాళ్లకి ఈ మాట చెబితే వివరాలు అడగరు. ప్రతి వీధిలోనూ ఉంది. "ఒకాయన యూట్యూబ్‌లో కారణం తనకు తెలుసంటున్నాడు మేడమ్. పొడి కూడా ఇస్తాడంట, మూడు నెలలు వాడితే డయాలసిస్ అక్కర్లేదంట. డాక్టర్లేమో కారణం తెలీదంటున్నారు. తెలుసన్నవాణ్ని వదిలేసి తెలీదన్నవాళ్లనెలా నమ్మమంటారు?"

అప్పటిదాకా నేను చెప్పిన పాఠాల్లో దీనికి సరిపడేది ఒక్కటీ లేదు.

ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకంతగా ఉందో దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నా తేలలేదు. నీళ్లన్నారు, నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో పని చేసి ఒంట్లో నీరు ఇంకిపోవడమన్నారు, నొప్పి మాత్రలన్నారు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోనూ, మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీల్లోనూ ఇలాంటిదే ఉంది, అక్కడా పూర్తిగా తేలలేదు. ఇవన్నీ వాడికి చెప్పాను. వాడికి నాకంటే ఎక్కువే తెలుసు.

"పొడి ఇచ్చేవాడిని కొన్ని అడుగు" అన్నాను చివరికి. ఎంతమందికిచ్చావు, వాళ్లలో ఎంతమంది మళ్లీ డయాలసిస్‌కి వెళ్లారు, వాడక ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఎంత, వాడాక ఎంత, రిపోర్టులు చూపిస్తావా, పొడిలో ఏముంది. డయాలసిస్ మాత్రం ఒక్కసారి కూడా మానొద్దని, ఏ పొడైనా ముందు డాక్టరుకి చూపించమని గట్టిగా చెప్పాను.

వాడు ఆ ప్రశ్నలన్నీ టైపు చేసి పంపాడు. మొదటిదానికి ‘వేలమందికి బాబూ’ అని వచ్చింది. మిగతావాటికి నంబరు బ్లాక్ అయింది. నాకు సంతోషం వేసింది. వాడికి వేయలేదు. మూడు నెలల్లో నయమవుతుందన్న ఆశ పోయింది కదా మరి.

ఫిబ్రవరి చివర ఒక లాంగ్ నోటుబుక్ తెచ్చి చూపించాడు. ప్రతి పేజీ మధ్యలో నిలువు గీత. ఎడమవైపు తేదీ, బీపీ, డయాలసిస్‌కి ముందు బరువు, తర్వాత బరువు, తాగిన నీళ్లు గ్లాసుల్లో, కాళ్ల వాపు ఉందా లేదా. నెల రోజులవి. మొన్న సోంపేటలో డాక్టరు గారు ఆ పుస్తకం అడిగి తీసుకుని చూశారట. కుడివైపు అన్ని పేజీలూ ఖాళీ, ఒక్కచోట తప్ప. అక్కడ పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో: ‘పెళ్లి భోజనం రోజు నీళ్లు, మజ్జిగ ఎక్కువ. మర్నాడు వాపు. అందుకేనా?’

"పెన్నుతో రాయొచ్చా మేడమ్?" అని అడిగాడు.

ఇంకో రెండుసార్లు చూద్దాం అన్నాను.